తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లకు ఆసుపత్రిలో బాధ్యత ఎవరిది? (విశాఖ వాళ్లు చెప్పండి)

గాజువాక_అబ్బాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 79 ఏళ్లు. నిన్న తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి తడి గచ్చు మీద జారి పడిపోయారు. కుడి పాదం బయటికి తిరిగిపోయింది. ఆ కాలు రెండో దానికన్నా పొట్టిగా కనిపించింది. 108లో ఆసుపత్రికి తెచ్చాం, పేరు వద్దులెండి. ఎక్స్‌రే చూసి తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది, ఇంటర్‌ట్రోకాంటెరిక్ ఫ్రాక్చర్, రాడ్ వేయాలి అన్నారు.

షుగర్, బీపీ ఉన్నాయి. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతున్నారు. ఎముకల డాక్టర్ గారేమో గుండె డాక్టర్ ఫిట్‌నెస్ ఇస్తే చేస్తానంటున్నారు. గుండె డాక్టర్ గారు సోమవారం ఎకో, అంటే గుండె స్కానింగ్, తీశాక చెప్తామన్నారు. మత్తు డాక్టర్ గారు క్లోపిడోగ్రెల్ ఆపి అయిదు రోజులు గడవాలన్నారు. షుగర్ ఎవరు చూస్తున్నారో ఎవరికీ తెలీదు. ఫైలు పట్టుకుని మూడు అంతస్తులూ నేనే తిరుగుతున్నాను. ఒకరు చెప్పింది ఇంకొకరికి నేనే చేరవేస్తున్నాను. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు, కదిలిస్తే అరుస్తున్నారు.

మా పెదనాన్న అయితే ఇదంతా ఎందుకు, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దాం అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరిని ఏం అడగాలో చెప్పండి.

ఎంవీపీ_అక్క

తమ్ముడూ, పుత్తూరు మాట మాత్రం వినొద్దు. చేతి మణికట్టుకో వేలికో కట్టు కట్టించుకుని బాగుపడ్డవాళ్లు ఉంటారేమో, తుంటి సంగతి వేరు. అది లోపల ఎక్కడో ఉంటుంది, పైన కట్టు కడితే ఎముక కదలకుండా ఆగదు. మా మేనత్తను వయసైపోయింది ఆపరేషన్ ఎందుకని మంచం మీదే ఉంచేశారు. నడుము కింద పుండ్లు పడ్డాయి, తర్వాత ఛాతీలో నిమ్ము చేరింది. ఇంక లేవలేదు.

మత్తు_డాక్టర్_విశాఖ

గాజువాక తమ్ముడికి. నేను మత్తు డాక్టర్‌నే, ఈ ఊళ్లోనే పనిచేస్తాను. మీ నాన్నగారిని చూడకుండా ఇదే చెయ్యండి అని చెప్పను. మీరు అడగాల్సిన ప్రశ్నలు మాత్రం చెప్తాను.

తుంటి విరిగిన పెద్దాయనకు ఎముక ఒక్కటే జబ్బు కాదు. పడుకున్న ప్రతి రోజూ ఊపిరితిత్తులకు నిమ్ము, కాళ్ల సిరల్లో రక్తం గడ్డలు, పడక పుండ్లు, కండ కరిగిపోవడం, ఇవన్నీ కలిసి వస్తాయి. తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరిగేలోగా అయిదుగురిలో ఒకరి కంటే ఎక్కువ మందే చనిపోతారని చాలా దేశాల లెక్కలు చెప్తాయి. చాలామందిని తీసుకుపోయేది ఆ ఎముక విరగడం కాదు, దాని వెనకాల వచ్చేవి. అందుకే బ్రిటన్‌లో 2011 నుంచీ మార్గదర్శకం ఒకటే: చేరిన రోజు లేదా మర్నాడు ఆపరేషన్.

ఇక ఫిట్‌నెస్. ఆపరేషన్ ఆపాల్సిన కారణాలు నిజంగానే ఉన్నాయి. రక్తం బాగా తక్కువగా ఉండడం, సోడియం పడిపోవడం, షుగర్ అదుపు తప్పి కీటోన్లు రావడం, గుండె ఫెయిల్యూర్‌తో ఆయాసం, గుండె అదుపు లేకుండా వేగంగా కొట్టుకోవడం, న్యుమోనియా. వీటిని గంటల్లో సరిచేయడం మొదలుపెట్టాలి. ఎకో తీయలేదు కాబట్టి సోమవారం దాకా ఆగుదాం అనేది ఆ జాబితాలో లేదు. గుండెలో గట్టి మర్మర్, అంటే తేడా చప్పుడు, వినిపించి కవాటం బాగా మూసుకుపోయిందని అనుమానం వస్తే ఎకో కావాలి. అదీ ఇవాళే, మంచం దగ్గరికే మెషీన్ తెచ్చి చూడొచ్చు.

క్లోపిడోగ్రెల్ ఒక్క కారణంతో తుంటి ఆపరేషన్‌ను అయిదు రోజులు ఆపనక్కర్లేదని ఇప్పటి మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్తున్నాయి. వెన్నులో సూది వేస్తే రక్తం గూడుకట్టే భయం ఉంది కదా అంటారు. అయితే పూర్తి మత్తు ఇవ్వొచ్చు. వెన్ను మత్తు మేలా పూర్తి మత్తు మేలా అని 2021లో రీగైన్ అనే పెద్ద పరిశోధన చూసింది. రెండు నెలల తర్వాత ప్రాణనష్టంలో గానీ నడకలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి వెన్ను మత్తు కోసమే అయిదు రోజులు ఆగడంలో అర్థం లేదు. మొన్నమొన్న స్టెంట్ వేసినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు గుండె డాక్టర్ మాట తప్పనిసరి. మీ నాన్నగారిది నాలుగేళ్ల నాటిది.

మొదట ఒక్క మాట అడగండి: "నాన్నగారి కేసుకు మొత్తం బాధ్యత ఏ డాక్టర్‌ది? ఆపరేషన్ ఎన్ని గంటలకు అనుకుంటున్నారు?" పేరు, టైమ్ కేసు షీట్‌లో రాయమనండి. ముగ్గురూ ఒకే ఫోన్ కాల్‌లో మాట్లాడుకునేలా డ్యూటీ డాక్టర్‌ని బతిమాలండి. గట్టిగా అడగడం మర్యాద తప్పడం కాదు.

సీతమ్మధార_మాస్టారు

> చేరిన రోజు లేదా మర్నాడు ఆపరేషన్

డాక్టర్ గారూ, ఎంత తొందరగా చేస్తే అంత ప్రాణం నిలుస్తుందనా?

మత్తు_డాక్టర్_విశాఖ

అలా అనలేం మాస్టారూ. 2020లో హిప్ అటాక్ అనే పరిశోధన వచ్చింది. 17 దేశాలు, 2,970 మంది రోగులు, మన దేశం కూడా అందులో ఉంది. ఒక గుంపుకి రోగం తేలిన దాదాపు 6 గంటల్లో ఆపరేషన్, రెండో గుంపుకి మామూలుగా, అంటే దాదాపు 24 గంటలకు. మూడు నెలల్లో చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 9 శాతం, రెండో గుంపులో 10 శాతం. ఆ తేడా లెక్కలోకి రాలేదు. కానీ తొందరగా చేసినవాళ్లలో మతి తప్పి మాట్లాడడం తగ్గింది, ముందే లేచి నడిచారు, ముందే ఇంటికెళ్లారు. గమనించండి, అక్కడ నెమ్మది గుంపు కూడా ఒక రోజులోనే అయిపోయింది. మన దగ్గర నెమ్మది అంటే అయిదో రోజు, ఎనిమిదో రోజు.

వార్డు_సిస్టర్_ఆరిలోవ

బాబూ, నొప్పి సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. కాలికి బరువు కడితే నొప్పి తగ్గుతుందని అందరూ అనుకుంటారు. తుంటికి దాని వల్ల లాభం లేదని ఎప్పుడో తేలింది. గజ్జల దగ్గర నరానికి మత్తు సూది ఇస్తారు, నర్వ్ బ్లాక్ అంటారు. అది ఇచ్చాక ఒక ముసలాయన అరగంటలో మంచినీళ్లు అడిగి తాగడం నేను చూశాను. అంతకు ముందు దుప్పటి సర్దినా కేకలే. బ్లాక్ ఇస్తారా అని అడుగు. ఇస్తే బలమైన నొప్పి మందులు తక్కువ సరిపోతాయి, మతి తప్పడం కూడా తగ్గుతుంది.

రెండోది తిండి. రేపు ఆపరేషన్ అని రాత్రి నుంచీ కడుపు మాడుస్తారు. మధ్యాహ్నానికి థియేటర్ ఖాళీ లేదు రేపు అంటారు. మళ్లీ రాత్రి నుంచీ మాడుస్తారు. షుగర్ మనిషికి ఇది ఎంత చెడుపో ఆలోచించు. గట్టి ఆహారం ఆరు గంటల ముందు ఆపితే చాలు. మంచినీళ్లు మామూలుగా రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. వాయిదా పడింది అని చెవిన పడగానే ఏదో ఒకటి పెట్టమని సిస్టర్‌ని అడుగు, ఊరుకోకు.

మడమల కింద చూస్తున్నారా? అందరూ నడుము కింద చూస్తారు, మడమ మర్చిపోతారు. ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలవుతోందని అర్థం. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడు. రెండు గంటలకోసారి వైపు మార్చాలి, ఎయిర్ బెడ్ ఉన్నా సరే.

గోపాలపట్నం_కోడలు

మతి తప్పడం గురించి సిస్టర్ గారు అన్నారు కాబట్టి చెప్తున్నాను. మా అత్తగారిది విజయనగరం వైపు పల్లెటూరు. తుంటి విరిగి ఇక్కడ ఒక ఆసుపత్రిలో చేర్చాం. రెండో రాత్రి నుంచీ సెలైన్ గొట్టం పట్టుకుని లాగుతూ "గేదెకి కుడితి పెట్టాలి, తలుపు తియ్యండే" అని ఒకటే గోల. గేదెల్ని అమ్మేసి ఏళ్లయింది. నన్ను చూసి "నువ్వెవరివమ్మా" అంది. డ్యూటీ అబ్బాయి వచ్చి చేతులు మంచానికి కట్టేసి నిద్ర ఇంజెక్షన్ ఇచ్చాడు. మర్నాడంతా పడుకునే ఉంది, తిండీ లేదు నీళ్లూ లేవు. సాయంత్రం మళ్లీ మొదలు. పిచ్చి పట్టిందని చుట్టాలు అన్నారు, నాకు ఆ మాట ఇప్పటికీ కోపమే.

తర్వాత ఫిజీషియన్ ఒకాయన వచ్చి అయిదు నిమిషాలు కూర్చుని చూశారు. మూత్రం గొట్టం వల్ల ఇన్ఫెక్షన్ వచ్చింది, అయిదు రోజులుగా విరేచనం లేదు, సోడియం తక్కువ. కళ్లద్దాలు, వినికిడి మెషీన్ ఇంట్లోనే ఉండిపోయాయి. ఇవన్నీ సరిచేశాక రెండు రోజుల్లో నా పేరు పెట్టి పిలిచింది. మొదటి రోజే ఆయన వచ్చి ఉంటే ఇదంతా ఉండేదా?

మత్తు_డాక్టర్_విశాఖ

అమ్మా, మీరు చెప్పింది డెలీరియం. పిచ్చి కాదు, మతిమరుపు జబ్బూ కాదు. ఒంట్లో ఏదో తేడా చేసిందని మెదడు కొట్టే గంట. నిద్ర ఇంజెక్షన్ ఆ గంటను ఆపుతుంది, కారణం అలాగే ఉంటుంది. మీరు చివర అడిగిన ప్రశ్నకే ఈ చర్చంతా.

ఎముకల_పీజీ

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల విభాగంలో పీజీ చేస్తున్నాను. మా వైపు నుంచి కూడా వినండి. రాత్రి హైవే మీద యాక్సిడెంట్ అయితే తొడ చీలిపోయిన కుర్రాడు వస్తాడు. టేబుల్ ఒకటే ఖాళీ ఉంటే ఎవరు ముందు? అతనే. ముసలమ్మ రేపటికి వెళ్తుంది. రేపు ఇంకో యాక్సిడెంట్. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి కూడా కేసులు ఈ ఊరికే వస్తాయి. చాలామంది ఇక్కడికి చేరేసరికే పడి రెండు మూడు రోజులవుతుంది. ఎవరూ కావాలని ఆలస్యం చేయడం లేదు.

కానీ తుంటి కేసుల కోసం పొద్దున మొదటి టేబుల్ విడిగా ఉంచితే సగం సమస్య తీరుతుందని నేను గట్టిగా నమ్ముతాను. అది డబ్బుతో పని కాదు, నిర్ణయంతో పని.

చదువుతుంటే తెలిసింది ఒకటి చెప్తాను. ఇంగ్లండ్‌లో హేస్టింగ్స్ అనే ఊళ్లో మైకేల్ డెవాస్ అనే ఎముకల సర్జన్, ఇర్విన్ అనే వృద్ధుల వైద్యుడు కలిసి 1960ల నాటికే ఒకే వార్డులో రౌండ్లు వేశారు. సర్జన్ ఎముక చూస్తాడు, ఆయన మనిషిని చూస్తాడు. దేశమంతా దాన్ని పట్టించుకోవడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 2007లో ప్రతి తుంటి కేసూ ఒక జాతీయ రిజిస్టర్‌లో రాయడం మొదలుపెట్టారు. 2010 నుంచి 36 గంటల్లో ఆపరేషన్, 72 గంటల్లో వృద్ధుల వైద్యుడు చూడడం లాంటి షరతులన్నీ పాటిస్తే ఆసుపత్రికి అదనపు డబ్బు ఇచ్చారు. ఇంగ్లండ్‌లో 30 రోజుల్లో చనిపోయేవారు 2007లో 10.9 శాతం ఉంటే 2011కి 8.5 శాతానికి దిగింది. కొత్త మందేమీ రాలేదు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు, టైమ్ రాసుకున్నారు.

డాలస్_నుంచి

మా అమ్మానాన్న ఎంవీపీ కాలనీలో ఫ్లాట్‌లో ఇద్దరే ఉంటారు. ఇది చదువుతుంటే గుండె దడగా ఉంది. మన దగ్గర వృద్ధుల వైద్యులే అరుదు కదా. మరి ఎవరు చూడాలి?

ఎముకల_పీజీ

జీరియాట్రిక్స్ డిగ్రీ ఉన్నవాళ్లు తక్కువే అన్నా. అలాగని ఆగనక్కర్లేదు. ఒక జనరల్ ఫిజీషియన్ తుంటి కేసులు నావి అని ఒప్పుకుని, అడ్మిషన్ రోజు నుంచీ రోజూ వచ్చి చూస్తే చాలు. నార్వేలో ట్రోండ్‌హైమ్‌లో 397 మంది మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. సగం మందిని నేరుగా వృద్ధుల వార్డులో చేర్చారు, మిగతా సగాన్ని ఎముకల వార్డులో. నాలుగు నెలల తర్వాత మొదటివాళ్లు మెరుగ్గా నడిచారు. అక్కడ చేసిందంతా మందులు సరిచూడడం, తిండి పెట్టించడం, తొందరగా లేపడం, ఇంటికి పంపే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఆలోచించడం.

అందరం ఫిట్‌నెస్ అని కాగితం అడుగుతాం. ఆ కాగితం మీద సంతకం పడ్డాక ఫిజీషియన్ మళ్లీ కనిపించడు. అసలు అవసరం ఆపరేషన్ తర్వాతే ఎక్కువ.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, 84 ఏళ్ల మనిషికి కోత అవసరమా అని నా అనుమానం. మా స్నేహితుడు ఆ వయసులోనే ఆపరేషన్ బల్ల మీదికి వెళ్లి తిరిగి రాలేదు. ఇంకో సంగతి, మా పక్కింటావిడకు 92. ఆరేళ్లుగా మంచంలోనే, ఎవరినీ గుర్తుపట్టదు. ఆవిడకీ చేయాలా?

మత్తు_డాక్టర్_విశాఖ

సర్, మీ స్నేహితుడి విషయం విని బాధగా ఉంది. రెండూ వేరు వేరు ప్రశ్నలు. పడే ముందు రోజు దాకా తన కాళ్ల మీద తిరిగిన 84 ఏళ్లాయనకు వయసు అడ్డం కాదు. ఆపరేషన్‌లో ప్రమాదం ఉంది, చేయకపోతే అంతకన్నా ఎక్కువ ప్రమాదం ఉంది. ఆపరేషన్ అంటే నడక కోసమే కాదు, నొప్పి లేకుండా పక్కకి తిప్పి శుభ్రం చేయడానికి కూడా.

92 ఏళ్లావిడ లాంటివాళ్ల గురించి నెదర్లాండ్స్‌లో చూశారు. బాగా కృశించి నర్సింగ్ హోముల్లో ఉన్నవాళ్లకు, కుటుంబంతో కూర్చుని మాట్లాడాక కొందరికి ఆపరేషన్ వద్దనుకున్నారు. నొప్పి మందులు బాగా ఇచ్చారు. మిగిలిన రోజులు వాళ్లకు ఆపరేషన్ చేసినవాళ్లకన్నా అధ్వాన్నంగా ఏమీ గడవలేదు. ఆయుష్షు మాత్రం తక్కువే ఉంటుంది, అది ముందే చెప్పి ఒప్పించాలి. వద్దనుకోవడం కూడా వైద్యమే. పట్టించుకోకుండా మంచంలో వదిలేయడం వైద్యం కాదు. ఎంవీపీ అక్క మేనత్తకు జరిగింది ఆ రెండోది.

కంచరపాలెం_ఆటోవాలా

డబ్బు మాట ఎవరూ ఎత్తట్లేదేటండీ. ఇన్ని పరీక్షలు, ఇంత మంది డాక్టర్లు అంటే మాలాంటోళ్లకి ఎలా?

ఎంవీపీ_అక్క

అన్నా, అదీ ముఖ్యమే. రేషన్ కార్డు ఉంటే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం కదా, పాత ఆరోగ్యశ్రీ. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆ డెస్క్ ఉంటుంది. చేరిన రోజే అక్కడ నమోదు చేయించాలి, అనుమతి వచ్చేలోగా రోజు పోకూడదు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఏడాదికి 5 లక్షల దాకా. ఆధార్‌లో వయసు ఉంటే చాలు. మా అమ్మకు ఒంట్లో బాగున్నప్పుడే తీసి పెట్టాను. పడ్డాక లైన్లో నిలబడే ఓపిక ఎవరికి ఉంటుంది? ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో మాత్రం ముందే కనుక్కోవాలి.

గాజువాక_అబ్బాయి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. డ్యూటీ డాక్టర్ మేడమ్‌ని బతిమాలి ముగ్గురినీ ఒకే ఫోన్‌లో కలిపించాను. పది నిమిషాల్లో తేలిపోయింది. ఎకో మంచం దగ్గరే తీశారు, గుండె పంపింగ్ పర్లేదన్నారు. పూర్తి మత్తుతో రేపు పొద్దున మొదటి కేసుగా పెట్టారు. నర్వ్ బ్లాక్ కూడా ఇచ్చారు. సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టే, నాన్నగారు ఇడ్లీ అడిగారు. మడమ చూశాను, కొంచెం ఎర్రగానే ఉంది, దిండు పెట్టాను.

రాడ్ వేశాక ఎన్నాళ్లు మంచంలో ఉంచాలి?

ఫిజియో_మద్దిలపాలెం

ఉంచకూడదు! మర్నాడే లేపాలి. రాడ్ గట్టిగా కూర్చుంటే కాలు మీద భరించగలిగినంత బరువు వేయొచ్చు, వేయాలి కూడా. సర్జన్ గారు వద్దంటే ఎందుకు వద్దో, ఎన్నాళ్లు వద్దో అడిగి తెలుసుకోండి. మొదటి రోజు మంచం అంచున కూర్చోబెట్టి, కళ్లు తిరుగుతున్నాయేమో చూసి, వాకర్ పట్టించి నాలుగు అడుగులు. చాలు. చుట్టాలు వచ్చి "పాపం పడుకోనివ్వండి" అంటారు, ఆ ప్రేమే కాళ్లను పడగొడుతుంది. ఆదివారం ఫిజియో రాడు అనే ఆసుపత్రి అయితే మీరే నేర్చుకుని చేయించండి, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం గంటకోసారి.

తుంటి బంతి మార్చినవాళ్లకు అయితే జాగ్రత్తలు వేరు. సర్జన్ చెప్పేదాకా కింద బాసింపట్టు వేయకూడదు, గొంతు కూర్చోకూడదు. మన పాతకాలపు ఇళ్లల్లో నేల మరుగుదొడ్డి ఉంటుంది కదా, దాని మీద పెట్టే కుర్చీ కమోడ్ ముందే కొని ఉంచండి. డిశ్చార్జి రోజు సాయంత్రం పరుగెత్తి కొనేవాళ్లే ఎక్కువ.

వార్డు_సిస్టర్_ఆరిలోవ

కట్టుడు పళ్లు, కళ్లద్దాలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, పాత మందుల చీటీలు అన్నీ ఒక సంచిలో తెచ్చుకో బాబూ. మూత్రం గొట్టం ఎప్పుడు తీస్తారని రోజూ అడుగు. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు, ఏది తింటే అది. షుగర్ అని గంజి మీద ఉంచొద్దు.

సీతమ్మధార_మాస్టారు

ఇంటికొచ్చాక మళ్లీ పడితే?

ఎముకల_పీజీ

మాస్టారూ, నన్ను బాగా బాధపెట్టేది అదే. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారిందనే అర్థం. మేం రాడ్ వేసి పంపేస్తాం. ఎముక గుల్లకు మందు రాసేవాళ్లు తక్కువ. కొన్నాళ్లకు రెండో తుంటితో వస్తారు. జోలెడ్రోనిక్ యాసిడ్ అని ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందు ఉంది. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోగా ఇచ్చి చూసిన పరిశోధన 2007లో వచ్చింది, 2,127 మంది. కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ఆపరేషన్ అయిన వెంటనే కాదు, కనీసం రెండు వారాలు ఆగి ఇస్తారు. ముందు విటమిన్ డి, కాల్షియం సరిచేయాలి, కిడ్నీ పరీక్ష చూడాలి, పళ్ల సమస్య ఉంటే చెప్పాలి.

పడడానికి కారణం కూడా వెతకాలి. రాత్రి నిద్రమాత్ర, లేవగానే బీపీ పడిపోవడం, కంటి శుక్లం, బాత్రూమ్‌లో లైటు లేకపోవడం. మీ నాన్నగారు లేచి నిలబడ్డాక బీపీ చూశారా అని ఫిజీషియన్‌ని అడగండి గాజువాక తమ్ముడూ. డిశ్చార్జి కాగితంలో మూడు విషయాలు లేకపోతే అక్కడే కూర్చుని రాయించుకోండి: ఎముక గుల్లకు ఏ మందు ఎప్పుడు, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఎన్నాళ్లు, ఆపేసిన పాత మందులు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి. క్లోపిడోగ్రెల్ ఆపారు కదా, అది మర్చిపోతే స్టెంట్ మూసుకుపోవచ్చు.

గోపాలపట్నం_కోడలు

మా అత్తగారికి ఆ జోలెడ్రోనిక్ మొన్న ఎక్కించారు. రాత్రికి జ్వరం, ఒళ్లు నొప్పులు. ఇంకెప్పుడూ వేయించుకోను అంటోంది. మామూలేనా?

వార్డు_సిస్టర్_ఆరిలోవ

మొదటిసారికి చాలామందికి వస్తుందమ్మా, రెండు మూడు రోజుల్లో పోతుంది. పారాసిటమాల్ ఇవ్వండి, నీళ్లు బాగా తాగించండి. మూడు రోజులు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. వచ్చే ఏడాది రెండోసారికి ఇంత ఉండదని అత్తగారికి చెప్పండి, తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి.